చెడ్డ మిత్రుణ్ణి వదలని నాయకుడు

మీ కథలో నాయకుడు చెడ్డ మిత్రుణ్ణి వదలడం లేదని, చదివినవాళ్లంతా 'వీడికి బుర్ర లేదా' అంటున్నారని టెన్షన్ పడుతున్నారు కదా. తప్పు అతని విధేయతలో లేదండీ, వేరే దారి కళ్లముందు కనబడినా అతను కాదన్న సన్నివేశం మీరు రాయలేదు, అంతే.

ఉద్యోగపర్వంలో కర్ణుణ్ణి చూడండి. కృష్ణుడు జన్మరహస్యం చెప్పి, పాండవులందరిలో నువ్వే పెద్ద, రాజ్యం నీదే అంటాడు. తన పక్షం ఓడిపోతుందని కర్ణుడికి తెలుసు, అయినా దుర్యోధనుణ్ణి వదలనంటాడు. పైగా ఈ సంగతి ధర్మరాజుకు చెప్పొద్దు, తెలిస్తే రాజ్యం నాకిచ్చేస్తాడు, నేను దాన్ని తీసుకెళ్లి దుర్యోధనుడికే ఇస్తాను అంటాడు (ఇక్కడికొచ్చేసరికి నాకు ప్రతిసారీ గొంతు పూడుకుపోతుంది). అన్నీ తెలిసే నష్టానికి సిద్ధపడ్డవాడు అతను. కుంభకర్ణుడూ అంతే, ముందు రావణుణ్ణి మొహం మీదే తప్పుపట్టి, ఆ తర్వాతే యుద్ధానికి వెళ్తాడు.

మీ నాయకుడు కూడా ఒకసారి మిత్రుణ్ణి గట్టిగా నిలదీయాలి. బయటపడే అవకాశం వచ్చినా కాదనాలి, అది చివరి పోరుకు కాస్త ముందు పెట్టండి. ఇంకోటి, నిండుసభలో ద్రౌపదిని కర్ణుడన్న మాటల్లాంటి మచ్చ ఏదైనా ఉంటే దాన్ని కడిగేయకండి.