సమాధానం: ఫ్రీమన్, ఆల్టూవేలు 3,000 హిట్లు దాటుతారా?

అమెరికా బేస్‌బాల్ బ్యాటర్లు ఫ్రెడ్డీ ఫ్రీమన్, హోసే ఆల్టూవేల వార్షిక సగటును హెచ్చవేస్తే ఇద్దరూ 3,000 హిట్లు (బంతిని కొట్టి సురక్షితంగా బేస్ చేరడమే హిట్) దాటుతున్నారని రాశారు. దాటకపోతే హాల్ ఆఫ్ ఫేమ్ (పాత్రికేయుల ఓట్లతో మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవం) దక్కదా అని కూడా అడిగారు. మీ లెక్కలో లోపం ఒక్కటే: వయసు మీరిన బ్యాటర్‌కు పాత సగటు నిలవదు.

మిగెల్ కాబ్రెరానే చూడండి. 2016 ముగిసేసరికి, 33 ఏళ్లకే 2,519 హిట్లు కొట్టిన ఆయన, 2018లో కండర గాయంతో సీజన్‌లో అధిక భాగం కోల్పోయి, 2020లో కోవిడ్ వల్ల 60 మ్యాచ్‌లకు కుదించిన సీజన్‌ను కూడా దాటుకొని, మిగిలిన 481 హిట్లు పూర్తి చేసేసరికి 2022 ఏప్రిల్ వచ్చింది. 2025 చివరికి ఫ్రీమన్ ఖాతాలో 2,431 ఉన్నాయి. ఏటా 150 చొప్పున కొట్టినా 2029 దాకా, అంటే నలభై నిండేదాకా ఆడాలి. నాకైతే అది కష్టమే అనిపిస్తుంది.

అయితే గౌరవానికి 3,000 షరతు కాదు. 2,519 హిట్లతోనే టాడ్ హెల్టన్ 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యాడు. 3,020 కొట్టినా, నిషిద్ధ ఉత్ప్రేరకాల పరీక్షలో దొరికిన రఫాయెల్ పాల్మీరోకు పాత్రికేయుల ఓట్లు చాలినన్ని రాలేదు. 2020లో ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు), 2024 వరల్డ్ సిరీస్ అనే ఛాంపియన్‌షిప్ ఫైనల్లోనూ ఎంవీపీ అయిన ఫ్రీమన్‌కు ఆ చోటు దాదాపు ఖాయమే. ఆల్టూవే విషయంలో మాత్రం హిట్ల కన్నా, 2017లో ఆయన జట్టు ఆస్ట్రోస్ చేసిన సంకేతాల దొంగతనాన్ని (ఏ బంతి వేయాలో ప్రత్యర్థి క్యాచర్ పిచర్‌కిచ్చే సైగలను అక్రమంగా పసిగట్టడం) ఓటర్లు ఎలా తూకం వేస్తారన్నదే అసలు ప్రశ్న.