వియత్నాంలో టీం కడుతున్నారా? ఇంగ్లిష్ చూసి తీసుకోకండి

మీరు అడిగింది: మా కంపెనీ వియత్నాంలో ఆఫీసు తెరుస్తోంది, టీం కట్టే పని నాది. మనవాళ్ళను పంపాలా, అక్కడివాళ్ళను తీసుకోవాలా?

హైదరాబాద్‌ బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీ ఒకదాని తరఫున నాలుగేళ్ళు సైగాన్‌లో ఉన్నాను (హో చి మిన్ సిటీని అక్కడివాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు). మొదట ఇక్కడినుంచి ఇద్దరు సేల్స్ వాళ్ళను తీసుకెళ్ళాం. ఫ్యాక్టరీల్లో కొనుగోళ్ళు చూసేవాళ్ళు మాట్లాడేది వియత్నామీసే. మావాళ్ళు శాంపిళ్ళు ఇచ్చి, టీ తాగి వచ్చేవారు. ఆరు నెలల్లో ఒక్క ఆర్డర్ లేదు.

సరే, లోకల్ వాళ్ళనే పెడదామని ఇంటర్వ్యూలు చేశాం. అప్పుడు చేశాం అసలు తప్పు. మాతో గలగలా ఇంగ్లిష్ మాట్లాడిన 27 ఏళ్ళ అబ్బాయిని మేనేజర్ని చేసి, అతని కింద నలభై దాటిన ఇద్దరిని పెట్టాం. వియత్నామీస్‌లో ఎదుటివాళ్ళు పెద్దా చిన్నా తేలకపోతే వాక్యమే మొదలుకాదు. పెద్దవాడైతే ‘ఆన్’, పెద్దదైతే ‘చి’, చిన్నవాళ్ళైతే ‘ఎమ్’. మన అన్న, అక్క, తమ్ముడు లాంటివే అనుకోండి. తమ్ముడు అన్నలకు టార్గెట్లు వేస్తే ఎలా ఉంటుందో ఊరి నుంచి వచ్చిన నాకైనా తట్టాలి కదా, తట్టలేదు!

మూడోసారి తీసుకున్నావిడ ఫార్మసిస్టు. పదిహేనేళ్ళు ఒక మందుల ఫ్యాక్టరీలో కొనుగోళ్ళు చూశారు. ఇంగ్లిష్ అంతంతమాత్రం, మా హెచ్.ఆర్. వద్దంది. కానీ ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తనివాళ్ళు లేరు. మా వ్యాపారంలో కావలసింది అదే. ఒక ఫ్యాక్టరీ తన మందులో మన ముడిసరుకు వాడాలంటే శాంపిల్, ట్రయల్ బ్యాచ్‌లు, స్టెబిలిటీ పరీక్షలు (మందు ఎన్నాళ్ళు చెడకుండా ఉంటుందో చూసేవి), ఆ పైన రాజధాని హనోయిలో ప్రభుత్వ అనుమతి. ఏడాది పైనే పడుతుంది. అంతకాలం ఒకే మనిషి వెంటపడి ఉండాలి. మిగతా నలుగురినీ ఆవిడే ఏరుకున్నారు. ఇక్కడినుంచి వెళ్ళినవాళ్ళలో చివరికి నేనొక్కణ్ణే మిగిలాను, హైదరాబాద్‌కి సమాధానాలు చెప్పుకోవడానికి.

ఆవిడతోనూ ఒక తంటా వచ్చింది. వీడియో కాల్‌లో మా ఎండీ ‘జూన్‌లో ఆర్డర్ వస్తుందా?’ అంటే ‘యస్’ అన్నారు. జూన్ పోయింది. అడిగితే, అక్టోబరు దాకా పరీక్షలు పూర్తికావని ఆ రోజే తెలుసన్నారు. మరి యస్ ఎందుకన్నట్టు? వియత్నాం దక్షిణాదిన పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ‘యా’ అంటారు. మనం ‘ఆఁ, చెప్పండి’ అన్నట్టు. వింటున్నానని అర్థం, ఒప్పుకున్నానని కాదు. దాన్నే ఇంగ్లిష్‌లో యస్ అన్నారు. అప్పటినుంచి ‘అవుతుందా?’ అనడం మానేసి, విడిగా కూర్చుని ‘ఎక్కడ ఆగింది?’ అని అడిగేవాణ్ణి.

డబ్బు విషయానికొస్తే, వాళ్ళ కొత్త సంవత్సరం టెట్ (మన టీచర్ల పరీక్ష కాదు) జనవరి, ఫిబ్రవరిల్లో వస్తుంది. దానిముందు ఒక నెల జీతం బోనస్ చట్టం చెప్పింది కాదు, కానీ అందరూ ఆశిస్తారు. మేము మొదటి ఏడు ‘మార్చి అప్రైజల్ తర్వాత చూద్దాం’ అన్నాం. సెలవుల నుంచి ఇద్దరు తిరిగి రాలేదు.

చిన్నవి కొన్ని. వాళ్ళ గడియారం మనకంటే గంటన్నర ముందు. మన పదకొండు గంటల మీటింగంటే వాళ్ళకు పన్నెండున్నర, ఆఫీసులో లైట్లార్పి కునుకు తీసే వేళ. వాట్సాప్‌లో జవాబులు రాకపోతే అలగకండి, అక్కడంతా జాలో అనే వాళ్ళ మెసేజింగ్ యాప్. డిగ్రీ కావలసిన మామూలు ఉద్యోగాలకు ప్రొబేషన్ 60 రోజులు దాటకూడదు. మన అలవాటు కొద్దీ ఆరు నెలలని రాసి పంపిన మా మొదటి ఆఫర్ లెటర్‌ని, ఆ లైను కింద ఎర్రగీత పెట్టి వెనక్కి పంపారు.