మా ఇద్దరిదీ పాజిటివ్, బాబుది మాత్రం ఓ నెగటివ్

ప్రశ్న: నాది ఏ పాజిటివ్, మావారిది బి పాజిటివ్. పెళ్లయిన మూడేళ్లకు బాబు పుట్టాడు. స్కూలు ఐడీ కార్డు కోసం ఈమధ్య పరీక్ష చేయిస్తే వాడిది ఓ నెగటివ్ అని వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో అనుమానాలే. డీఎన్ఏ పరీక్షకు రమ్మంటున్నారు. రాకపోతే విడాకులే అంటున్నారు, బాబుకి పైసా ఇవ్వరట. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ఇది కోర్టు దాకా వెళ్లాల్సిన గొడవే కాదు. 'ఏ' గ్రూపు మనిషిలో 'ఓ' గ్రూపు జన్యువు కూడా బయటపడకుండా ఉండొచ్చు. బి గ్రూపు వారిలోనూ అంతే. ఇద్దరి నుంచీ ఆ 'ఓ' వస్తే బిడ్డది 'ఓ' గ్రూపే. నెగటివ్ కూడా పాజిటివ్ చాటున అలాగే దాగి ఉంటుంది. మీ ఇద్దరిలోనూ ఈ రెండూ దాగి ఉంటే ఓ నెగటివ్ బిడ్డ పుట్టే అవకాశం 16లో 1 వంతు. తక్కువే, కానీ వింతేమీ కాదు. అసలు ఏ, బి దంపతులకు నాలుగు గ్రూపుల్లో ఏదైనా రావచ్చు.

బ్లడ్ గ్రూపు చూసి 'ఈయనే తండ్రి' అని ఎవరూ తేల్చలేరు. మహా అయితే 'కాకపోవచ్చు' అనగలరు. ఆ మాటనూ గుడ్డిగా నమ్మలేం. అరుదైన బాంబే గ్రూపు (ఏ, బి జన్యువులున్నా రక్తంలో బయటపడని రకం) వారు మామూలు పరీక్షలో 'ఓ' గ్రూపుగానే కనిపిస్తారు, వారికి బి గ్రూపు బిడ్డ పుట్టొచ్చు.

ఇక చట్టం. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 116 (పాత ఎవిడెన్స్ యాక్టులో 112) ప్రకారం, చెల్లుబాటయ్యే వివాహబంధంలో పుట్టిన బిడ్డ భర్త బిడ్డే. కాదనాలంటే, గర్భం నిలిచే రోజుల్లో మీరిద్దరూ కలిసే వీలే లేదని ఆయన రుజువు చేయాలి. ఒకే ఇంట్లో ఉంటూ అది ఎలా చేస్తారు? 1993లో గౌతమ్ కుందు కేసులో ఒక భర్త భరణం తప్పించుకోవడానికి బ్లడ్ గ్రూపు పరీక్షే అడిగాడు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అడిగిందే తడవుగా ఇలాంటి పరీక్షలకు ఆదేశించకూడదనీ, ఎవరి రక్తమూ బలవంతంగా తీయించకూడదనీ చెప్పింది.

డీఎన్ఏ దగ్గర మాత్రం జాగ్రత్త. ఇంట్లో ఒత్తిడికి లొంగి ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. కోర్టే ఆదేశిస్తే మాత్రం వకీలును అడగకుండా నిరాకరించకండి. దాన్ని మీకు వ్యతిరేకంగా తీసుకునే వీలు కోర్టుకుంది. బాబు భరణానికి బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 144 కింద మీరే ఫ్యామిలీ కోర్టుకు వెళ్లొచ్చు.

అన్నిటికంటే ముందు ముగ్గురి గ్రూపులూ మరో ల్యాబులో మళ్లీ చూపించండి. ఆ రిపోర్టులతో మీవారిని డాక్టరు దగ్గర కూర్చోబెట్టండి. నేను చెబితే వకీలు మాట అనుకుంటారు, డాక్టరు చెబితే వింటారు.