పారిస్ ఐలాండ్‌కు బయలుదేరే ముందు చెల్లెలికి

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలికి అక్క ఆశీర్వదించి వ్రాయునది.

అబ్బాయి మెరైన్ (అమెరికా సైన్యంలోని మెరైన్ కోర్ దళం) శిక్షణ పూర్తిచేసుకునే రోజు దగ్గరపడుతున్నదని, ఆ ఉత్సవానికి అమ్మతో సహా అందరూ కలిసి వెళ్ళాలనుకుంటున్నారని నువ్వు చెప్పినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని అనుకుంటూనే ఉన్నాను. ఆ శిక్షణ జరిగే సౌత్ కరోలినాలోని పారిస్ ఐలాండ్ దీవికి నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి మా పెద్దవాడి కోసం, రెండోసారి మా ఆడపడుచు కూతురి కోసం. మొదటిసారి చేయదగిన పొరపాట్లన్నీ చేశాను కనుక రెండోసారి నెమ్మదిగా కూర్చుని చూడగలిగాను. నువ్వు మొదటిసారే అలా చూడగలిగితే బాగుంటుందని నా ఆశ. నువ్వు నన్ను అడిగినవన్నీ విమానాల గురించి, హోటళ్ళ గురించి. అవి చెబుతాను. కానీ ఆ రెండు రోజులూ మన ఇష్టప్రకారం నడిచేవి కావని, గడియారం వాళ్ళ చేతిలో ఉంటుందని, మనం అతిథులమే తప్ప పెళ్ళివారం కామని ముందే మనసుకు నచ్చజెప్పుకుంటే మిగిలిన ఏర్పాట్లు అవే కుదురుకుంటాయి.

మొదట తేదీ సంగతి. మెరైన్ శిక్షణ 13 వారాలు. ఆ లెక్క ప్రకారం వేసిన తేదీ పక్కాగా కనిపిస్తుంది గాని, అది పిల్లవాడు ప్రతి దశలోనూ నెగ్గితేనే నిలిచే తేదీ. కాలికి దెబ్బ తగిలినా, తుపాకి గురి పరీక్షలో అర్హత రాకపోయినా వెనుక వచ్చే కంపెనీలోకి, అంటే తరువాతి శిక్షణ దళంలోకి, మార్చేస్తారు. దీనిని వాళ్ళు రీసైకిల్ కావడం అంటారు. అది అవమానం కాదు, కానీ టికెట్లు వృథా అవుతాయి. మాకు తెలిసిన ఒక కుటుంబం డబ్బు వెనక్కి రాని గదులు ఆరు తీసుకుని, పిల్లవాడి ఫొటో వేసిన చొక్కాలు పదిహేను కుట్టించుకున్నాక, వాడు మూడు వారాలు వెనక్కి వెళ్ళాడన్న ఉత్తరం అందుకుంది. ఆ చొక్కాల మీద ప్లటూన్ (కంపెనీలోని చిన్న జట్టు) సంఖ్య కూడా ఉన్నది, అది కూడా మారిపోయింది. పైగా అక్కడ తుపానుల భయం ఉన్నది. 2016లో మాథ్యూ తుపాను వచ్చినప్పుడు, మళ్ళీ 2019లో డోరియన్ వచ్చినప్పుడు దీవిని ఖాళీ చేయించారు. 2020 వసంతంలో కోవిడ్ వల్ల కుటుంబాలను అసలు రానివ్వలేదు, తల్లిదండ్రులు ఇంట్లో తెర మీద చూసుకోవలసి వచ్చింది. అందుచేత రద్దు చేసుకోగల టికెట్లే కొనండి, నాలుగు డాలర్లు ఎక్కువైనా సరే. క్రూసిబుల్ అనే చివరి పరీక్ష ఒకటి ఉన్నది, 54 గంటల పాటు అరకొర తిండితో, అరకొర నిద్రతో సాగుతుంది. అది దాటాడన్న కబురు అందాక మాత్రమే బంధువులకు తేదీ చెప్పమని నా సలహా.

ఇక దారి. సవానా విమానాశ్రయంలో దిగితే కారులో సుమారు గంట ప్రయాణం, చార్లెస్టన్‌లో దిగితే గంటన్నర. బ్యూఫోర్ట్‌లోనో పోర్ట్ రాయల్‌లోనో గది తీసుకుంటే గేటుకు దగ్గరగా ఉంటారు. ఎంత దగ్గరగా ఉన్నా తెల్లవారుజామునే లేవాలి, ఎందుకంటే దీవిలోకి వెళ్ళే దారి ఒక్కటే, వచ్చిన కుటుంబాలన్నీ ఆ దారినే వస్తాయి. మొదటిసారి మేము హోటల్లో ఉచిత ఫలహారం కోసం ఇరవై నిమిషాలు ఆగి, గేటు ముందు కార్ల వరుసలో చిక్కుకుని, గురువారం ఉదయపు పరుగు చూడలేకపోయాము. వాడు పరిగెడుతూ జనంలో మమ్మల్ని వెతుక్కున్నాడని తరువాత తెలిసింది. ఆ ఫలహారం ఇప్పటికీ నాకు అరగలేదు.

గేటు దగ్గర పెద్దవాళ్ళందరి గుర్తింపు పత్రాలూ చూస్తారు. డ్రైవింగ్ లైసెన్సు రియల్ ఐడీ అనే కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ప్రమాణానికి సరిపోయేదై ఉండాలి, లేకపోతే పాస్‌పోర్టు తీసుకువెళ్ళండి. అద్దె కారైతే ఆ కాగితాలు చేతికందేలా ఉంచుకోండి. అమ్మ సందర్శకుల వీసా మీద వచ్చింది కనుక ఆమె విషయం వేరు. అమెరికా పౌరులు కానివారిని సైనిక స్థావరంలోకి అనుమతించే నియమాలు అప్పుడప్పుడు మారుతుంటాయి, కాబట్టి కనీసం నెల ముందే అక్కడి సందర్శకుల కేంద్రానికి ఫోన్ చేసి అడిగి, ఏ కాగితాలు కావాలో రాసుకుని, అసలు పాస్‌పోర్టునే వెంట పెట్టుకోండి, నకలు చాలదు. మనుమడిని చూడటానికి సముద్రాలు దాటి వచ్చిన మనిషిని గేటు దగ్గర కారులో కూర్చోబెట్టవలసి వస్తే ఆ పాపం నీకే చుట్టుకుంటుంది. మరిదిగారి కారు డిక్కీలో వేటకు సంబంధించిన సామానేదైనా ఉంటే ఇంట్లోనే తీసి పెట్టించు. తుపాకి, తూటా, పెద్ద కత్తి ఏదీ ఆ గేటు దాటకూడదు.

గురువారం కుటుంబాల రోజు. ఉదయం కొత్త మెరైన్లందరూ వరుసలు కట్టి, పదం పాడుతూ పరిగెత్తుతూ మన ముందు నుంచి వెళతారు. ఇక్కడ నీకు ఒక సంగతి చెప్పాలి. నీ కొడుకును నువ్వు గుర్తుపట్టలేవు. నవ్వకు, నేను పట్టలేకపోయాను. అందరికీ ఒకే గుండు, ఒకే దుస్తులు, ఒకే ఎండ కాచిన మెడ, పైగా అందరూ బక్కచిక్కి ఉంటారు. నేను ఎవరో పిల్లవాడిని చూసి చేతులు ఊపుతూ ఏడుస్తుంటే మా వాడు రెండు వరుసల వెనుక నుంచి దాటిపోయాడు. కాబట్టి ముందుగానే ఉత్తరంలో కంపెనీ పేరు, నాలుగంకెల ప్లటూన్ సంఖ్య, వరుసలో తన స్థానం అడిగి తెలుసుకో. ప్లటూన్ ముందు నడిచేవాడి చేతిలోని చిన్న జెండా మీద ఆ సంఖ్య ఉంటుంది. సాధారణంగా పొడవైనవారు ముందు, పొట్టివారు వెనుక ఉంటారు. మనవాడు తండ్రి పోలిక కనుక వెనుక వరుసల మీద కన్ను వేసి ఉంచు.

పరుగు తరువాత కొన్ని గంటలు అతడిని మీకు అప్పగిస్తారు. దీవి దాటి బయటికి వెళ్ళకూడదు. ఈ కొన్ని గంటల విషయంలోనే తల్లులు ఎక్కువగా తొందరపడతారు కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. మొదట నీకు అతడి గొంతు తగులుతుంది. మూడు నెలలు అరిచి అరిచి అది బొంగురుపోయి ఉంటుంది. జలుబు చేసిందా, మందు తెచ్చానా అని మొదలుపెట్టకు. చిక్కిపోయావని అనకు, అది అతడు కష్టపడి సంపాదించుకున్న ఒళ్ళు. శిక్షణలో వాళ్ళను "నేను" అననివ్వరు, "ఈ రిక్రూట్" (ఈ శిక్షణార్థి) అని మాత్రమే తమను తాము చెప్పుకోవాలి. క్రూసిబుల్ దాటి మెరైన్ అనే పేరు వచ్చాక ఆ నిబంధన పోతుంది గాని అలవాటు అంత త్వరగా పోదు. మా వాడు నాతో తెలుగులో మాట్లాడుతూ "ఈ రిక్రూట్‌కి" అని మొదలుపెట్టి, ఆగి, నాలుక కరుచుకుని, ఆ తరువాత "నాకు నీళ్ళు కావాలమ్మా" అన్నాడు. ఆ "నాకు" అనే మాట కోసం వాడు వెతుక్కోవడం నేను చూశాను. అప్పుడు నేను నవ్వాను, రాత్రి హోటల్లో ఏడ్చాను. నువ్వు కూడా ఆ క్రమంలోనే చేయి.

ప్రశ్నల జాబితా తీసుకువెళ్ళకు. నిన్ను కొట్టారా, తిట్టారా, తిండి పెట్టారా అని పదిమందీ ఒకేసారి అడిగితే అతడు "బాగానే ఉంది" అని ఊరుకుంటాడు. చెట్టు నీడన కూర్చోబెట్టి, ఏమీ అడగకుండా పక్కన కూర్చుంటే గంటకు తానే మొదలుపెడతాడు. బసలో పక్క పడకవాడి సంగతి, రాత్రి కాపలా సంగతి, ఇసుక దోమలు చెవి మీద వాలినా చేయి కదపకూడదన్న సంగతి అన్నీ వస్తాయి. వాళ్ళు తినే వేగం చూసి అమ్మ కంగారుపడుతుంది, ముందే చెప్పి ఉంచు. ఇంటి నుంచి ఆరు రకాలు వండుకుని తీసుకువెళ్ళాలని నీకు అనిపిస్తుందని నాకు తెలుసు. ఒక్క రకం చాలు, అది కూడా తేలికైనది. మూడు నెలలుగా లెక్క ప్రకారం తిన్న కడుపు ఒక్క పూటలో మన ప్రేమనంతా భరించలేదు, పైగా మర్నాడు ఉదయం అతడు మైదానంలో కదలకుండా నిలబడాలి. సాయంత్రం తిరిగి చేరవలసిన సమయం చెబుతారు. దానికి పదిహేను నిమిషాల ముందే అప్పగించండి. ఇంకొక్క ఫొటో అంటూ ఆపి అతడిని ఆలస్యం చేయిస్తే ఆ మాట పడేది నువ్వు కాదు.

యూనిఫాంలో ఉన్నంతసేపూ అతడికి కొన్ని కట్టుబాట్లు ఉంటాయి. సెల్యూట్ చేయడానికి కుడిచేయి ఖాళీగా ఉండాలి కనుక ఆ చేతికి సంచులూ చంటిపిల్లలూ ఇవ్వకు, ఆ చేయి పట్టుకుని నడవకు. నడుస్తూ తినమని బలవంతపెట్టకు. ఆరుబయట టోపీ తీయించి తల నిమరాలని అమ్మకు ఉంటుంది, ఆ ముచ్చట ఏదైనా గదిలోకి వెళ్ళాక తీర్చుకోవచ్చు. వాన వస్తే గొడుగు పట్టవచ్చా అని నీకు సందేహం రావచ్చు. 2019 వరకు యూనిఫాంలో ఉన్న మగ మెరైన్లకు గొడుగు నిషేధం, ఆడవారికి మాత్రమే అనుమతి ఉండేది. ఇప్పుడు అందరికీ అనుమతి ఉన్నది గాని నల్లటి గొడుగే, అదీ ఎడమచేత్తోనే. నీ పూల గొడుగు నీ దగ్గరే ఉంచుకో.

శుక్రవారం అసలు ఉత్సవం. ఎనిమిదింటికి జెండా ఎగురవేయడం కూడా చూడగలిగితే చూడండి, అది అయిదు నిమిషాల పనే గాని నాకు కవాతు కంటే అదే ఎక్కువ గుర్తుండిపోయింది. తరువాత మైదానం పక్కన మెట్ల బల్లల మీద కూర్చోవాలి. బ్యాండు వాయిస్తుంది, ప్రతిభ చూపినవారి పేర్లు చదువుతారు, ప్లటూన్లు మన ముందు నుంచి కవాతు చేస్తూ వెళతాయి. జాతీయ జెండా మన ముందుకు వచ్చినప్పుడూ జాతీయగీతం వాయించినప్పుడూ లేచి నిలబడాలి. మీరిద్దరూ అమెరికా పౌరులు కనుక కుడిచేయి గుండె మీద ఉంచండి, మగవారు టోపీ తీయాలి. అమ్మ ఊరికే నిశ్చలంగా నిలబడితే మర్యాదకు సరిపోతుంది. మెరైన్ల గీతం వాయించినప్పుడు కూడా చుట్టూ ఉన్నవారు లేస్తారు, మీరూ లేవండి. చివరికి "డిస్మిస్డ్" అన్న ఆజ్ఞ వినిపిస్తుంది. అది వినిపించేదాకా ఎంత ఆత్రంగా ఉన్నా మైదానంలోకి అడుగు పెట్టవద్దు, వినిపించాక ఎవరూ ఆపరు. ఫోన్ పైకెత్తి అంతా చిత్రీకరించే పని మరిదిగారికి అప్పగించి నువ్వు ఉత్త కళ్ళతో చూడు. నా దగ్గర నలభై నిమిషాల వీడియో ఉన్నది, అందులో సగం నా ముందు కూర్చున్నాయన టోపీ.

వేసవి కనుక ఎండ గురించి ఒక్క మాట. అక్కడి బల్లల మీద నీడను నమ్ముకోవద్దు. ఎండ తీవ్రతను బట్టి రంగు జెండాలు ఎగురవేస్తారు, నల్ల జెండా కనిపించిందంటే అన్నిటికంటే ప్రమాదకరమైన వేడి అని అర్థం. అమ్మకు టోపీ, నీళ్ళు, మడమ లేని చెప్పులు తప్పనిసరి.

శిక్షణ ఇచ్చినవారు అక్కడే ఉంటారు. వాళ్ళను డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్ అనాలి, డ్రిల్ సార్జెంట్ అన్నది ఆర్మీవారి మాట. నల్ల బెల్టు ధరించినవారు ఆ ప్లటూన్‌కు పెద్ద. వెళ్ళి ఒక్క వాక్యంలో కృతజ్ఞత చెప్పి వచ్చెయ్యి. మా అబ్బాయిని అంత ఏడిపించారేమని సరదాకు కూడా అడగకు, పక్కన నిలబడ్డ పిల్లవాడి ముఖం పాలిపోతుంది. అలాగే మన తెలుగులో అందరూ సైనికులే గాని అక్కడ ఇంగ్లీషులో అతడిని సోల్జర్ అని పిలిస్తే చుట్టూ పదిమంది దిద్దుతారు. మెరైన్ అనే అనాలి. ఆ పేరు కోసమే అతడు 13 వారాలు ఆ బురద దీవిలో ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం నుంచి సాధారణంగా పది రోజుల సెలవు ఉంటుంది. ఆ తరువాత నార్త్ కరోలినాలోని క్యాంప్ లెజూన్‌లో తదుపరి శిక్షణకు చేరాలి, కాబట్టి తిరుగు టికెట్టు కొనేటప్పుడు అతడి చేతిలోని ఆదేశాల తేదీ చూసి కొనండి. ఆ పది రోజుల్లో ప్రతిరోజూ ఒక విందు పెట్టించకు. మొదటి రెండు రోజులూ అతడిని ఎవరికీ చూపించకపోయినా కొంపలు మునగవు. దీవి దాటగానే దారిలో ఎక్కడైనా ఆగి సంబరం చేసుకుందామని మేము పెద్ద భోజనశాలలో పదహారుమందికి బల్ల మాట్లాడి ఉంచాము. వంతెన దాటిన అయిదు నిమిషాలకే వాడు వెనుక సీట్లో నిటారుగా కూర్చునే, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకునే నిద్రపోయాడు. లేపాము. లేపకుండా ఉండవలసింది. నువ్వు మాత్రం వెనుక సీటు ఖాళీగా ఉంచి, ఒక దిండు వేసి, మరిదిగారిని నెమ్మదిగా నడపమను.

అమ్మ పాస్‌పోర్టు సంగతి రేపే కనుక్కో.

ఇట్లు,
అక్క