పురుగుమందు విషప్రభావం: తేరుకున్నారనుకున్నాక మళ్ళీ ఎందుకు విషమిస్తుంది?

ప్రశ్న: పురుగుమందు ఒంటికెక్కిన ఇద్దరిని ఒకే రోజు ఒకే ఆస్పత్రిలో చేర్చారు. ఒకరు మర్నాటికే కోలుకున్నారు. నా దగ్గరి బంధువు మాత్రం తెలివి వచ్చి మాట్లాడాక, మూడో రోజున వెంటిలేటర్ మీదికి వెళ్ళారు. ఇది వైద్యంలో లోపమా? రోగి బతకడం దేనిమీద ఆధారపడి ఉంటుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: కేసు షీటు చూడకుండా లోపం ఉందనిగాని లేదనిగాని చెప్పడం సరికాదు. అయితే మీరు రాసిన మలుపు ఈ విషాల్లో వైద్యులు ముందే ఊహించి కాచుకుని ఉండేదే.

ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ రకాల పురుగుమందులు రెండూ ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. దాంతో నరాల చివర ఎసిటైల్‌కోలిన్ అనే సంకేత రసాయనం విచ్ఛిన్నం కాక పేరుకుపోయి చెమటలు, నోట నురగ, కండరాల అదురు మొదలవుతాయి, కనుపాపలు కుంచించుకుపోతాయి, ఊపిరితిత్తులు స్రావాలతో నిండిపోతాయి. కార్బమేట్ పట్టు సాధారణంగా ఒక రోజులో దానంతటదే సడలుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ పట్టు సడలకపోగా, రసాయనాన్ని బట్టి కొన్ని గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో శాశ్వతంగా బిగుసుకుంటుంది, ఆ తరువాత ఈ పట్టు విడిపించే ప్రాలిడాక్సిమ్ అనే విరుగుడు ఇచ్చినా ఆ ఎంజైము తిరిగి పనిచేయదు. మీరు చెప్పిన ఇద్దరికీ తేడా ఇక్కడే వచ్చి ఉండవచ్చు. అందుకే పురుగుమందు సీసాను, కనీసం దాని లేబులు ఫొటోనైనా, వైద్యునికి చూపించాలి.

మూడో రోజు సంగతికి వస్తే, దీన్ని ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు. శ్రీలంక వైద్యులు 1987లో ఈ పేరుతో వర్ణించారు. మొదటి లక్షణాలు తగ్గాక, సుమారు 24 నుంచి 96 గంటల మధ్య మెడ, భుజాలు, శ్వాస కండరాలు బలహీనపడతాయి. దిండు మీది నుంచి తల ఎత్తలేకపోవడం దీనికి తొలి సూచన. స్రావాలను ఆర్పే విరుగుడు మందు అట్రోపిన్ ఈ బలహీనతను తగ్గించలేదు. కండరాలు తిరిగి బలం పుంజుకునేదాకా, అంటే కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల వరకు, వెంటిలేటరే ఆధారం. శ్వాస నిలబడితే చాలామంది కోలుకుంటారు.

ఈ విషంతో జరిగే మరణాల్లో ఎక్కువ భాగం శ్వాస విఫలమవడం వల్లనే. కాబట్టి ఆస్పత్రికి చేరడానికి పట్టిన సమయం, చేరినప్పటి స్పృహ, రక్తపోటు, ఆక్సిజన్ స్థాయి, వయసు, అంతకుముందున్న జబ్బులు ఫలితాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి. రక్తంలో ఎంజైము స్థాయిని ఒక్కసారి కొలిచి భవిష్యత్తు చెప్పడం కుదరదు, ఆ రిపోర్టు కోసం చికిత్స ఆపడమూ తగదు. అట్రోపిన్ మోతాదును కొద్ది నిమిషాలకోసారి రెట్టింపు చేస్తుంటే బంధువులు కంగారుపడతారు గాని, అది ఊపిరితిత్తుల్లో స్రావాలు ఆరి, నాడి, రక్తపోటు నిలకడకు వచ్చేదాకా సాగవలసిన చికిత్స.

ఇంటివద్ద జరిగే పొరపాట్లలో నేను అన్నిటికన్నా ప్రమాదకరంగా భావించేది బలవంతంగా వాంతి చేయించడం. మందులో కలిపిన పెట్రోలియం ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతే తీవ్రమైన న్యుమోనియా వస్తుంది. తడిసిన బట్టలు తీసి, చేతులకు తొడుగులతో చర్మాన్ని సబ్బునీటితో కడిగి, రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే తరలించాలి.

విషం కావాలని తీసుకున్నదైతే మానసిక వైద్యుడు చూడకుండా ఇంటికి పంపకూడదు. కొన్ని ఆర్గానోఫాస్ఫేట్ల వల్ల రెండు మూడు వారాల తరువాత కాళ్ళలో తిమ్మిరి, పట్టు తప్పడం మొదలు కావచ్చు గనుక, మీ బంధువులో అవి కనబడితే నరాల వైద్యునికి చూపించండి.