మెత్తని మనసున్న పిల్ల నర్సింగ్‌లో నెగ్గుకురాగలదా?

ప్రశ్న: మా అమ్మాయికి నర్సింగ్ చదవాలని పట్టుదల. ఎవరి కళ్లలో నీళ్లు చూసినా తట్టుకోలేని పిల్ల. నైట్ డ్యూటీలు, అంటురోగాలు, వాటికి తోడు టెన్షన్... చాలామంది మధ్యలోనే మానేస్తారని విన్నాం. చేర్పించమంటారా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, నైట్ డ్యూటీల భారం నిజమే, జబ్బులు అంటుకునే ప్రమాదమూ నిజమే. మెత్తని మనసు అడ్డమవుతుందన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. కష్టమొస్తే ఏడ్చి, నలుగురికీ చెప్పుకునే పిల్లలు ఈ పనిలో బాగానే నిలబడతారు. ఏదీ బయటపెట్టకుండా లోపలే దాచుకునేవాళ్ల గురించే నాకు ఎక్కువ దిగులు.

నర్సుల ఓపిక హరించేది రోగుల బాధ ఒక్కటే కాదు. ఒక్కరి మీద ఎంతమంది రోగుల భారం పడుతోందన్నది అంతకంటే ముఖ్యం. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. నర్సుకు అదనంగా ఒక్క రోగి పెరిగితే ఆమె బర్న్‌అవుట్‌కు, అంటే పని ఒత్తిడితో పూర్తిగా డీలాపడిపోయే స్థితికి, లోనయ్యే అవకాశం 23 శాతం పెరుగుతోందని, ఆపరేషన్ అయిన రోగులు చనిపోయే అవకాశం కూడా 7 శాతం పెరుగుతోందని అందులో తేలింది. మనిషి గట్టిదా మెత్తనిదా అన్నది కాదు, వార్డులో ఎంతమందిని పెట్టారన్నదే అసలు లెక్క.

బర్న్‌అవుట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగా కాదు, పని వల్ల వచ్చే పరిస్థితిగా చూస్తుంది. ఒంట్లో సత్తువ ఉండదు, పని మీద విరక్తి పుడుతుంది, ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నానని అనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు అలసటను గుర్తుపడతారు కానీ విరక్తిని గమనించరు. "ఎలా ఉంది?" అని అడిగి, రోగి జవాబు చెప్పేలోపే ముందుకు వెళ్లిపోయే దశ అది. చేయాల్సింది తెలిసీ, చేయడానికి సమయమో అధికారమో లేక చేతులు కట్టేసినట్టు ఉండటం మరో నరకం. ఇక రోగి బంధువుల కోపానికి ముందు దొరికేది ఎప్పుడూ నర్సే. తిట్లు, దాడులు ఉద్యోగంలో భాగమని సర్దిచెప్పే చోట పిల్లను ఉంచకండి.

రాత్రి పని సంగతి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని "బహుశా క్యాన్సర్ కారకం" అనే వర్గంలో పెట్టింది. 2007లో చెప్పిన ఈ మాటనే 2019లో మళ్లీ ఖాయం చేసింది. నైట్ డ్యూటీ చేసినవాళ్లందరికీ క్యాన్సర్ వస్తుందని దీని అర్థం కాదు. అయితే వరసగా ఎన్ని రాత్రులు వేస్తున్నారు, మధ్యలో తగినంత విరామం ఉందా అన్నది తప్పకుండా చూడాలి. నైట్ ముగించుకుని నిద్రమత్తులో బండి నడపడం దీనికంటే దగ్గరి ప్రమాదం.

విద్యార్థుల విషయంలో నేను ఎక్కువ భయపడేది సూదిపోటుకు. హెచ్ఐవీ ఉన్న రోగి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే అది సోకే అవకాశం సుమారు 0.3 శాతమే. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి ఉన్న రోగి సూదైతే మాత్రం, టీకా లేనివాళ్లకు అది సోకే అవకాశం 30 శాతం దాకా ఉండొచ్చు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోయి గుచ్చుకోవడం పాత కథ. గుచ్చుకున్న వెంటనే సబ్బు, నీళ్లతో కడిగి, అప్పటికప్పుడే పైవాళ్లకు చెప్పాలి. హెచ్ఐవీ నివారణ మందులు అవసరమైతే ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. తిడతారేమోనని దాచిపెట్టే పిల్లలు ఆ గంటలనే పోగొట్టుకుంటారు. దాచుకునేవాళ్ల గురించి దిగులని పైన అన్నది అందుకే.

నడుము నొప్పి కూడా ఈ వృత్తికి కొత్త కాదు. రోగిని ఒంటిచేత్తో ఎత్తడం సేవ అనుకోవద్దని ఇప్పుడే చెప్పండి. జరిపే షీట్లు, ఎత్తే యంత్రాలు ఉన్నది అందుకే.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ఆఫీసులో కాదు, చివరి ఏడాది పిల్లలను అడగండి. రాత్రిపూట వార్డులో ఒక్కో నర్సుకు ఎంతమంది రోగులు? విద్యార్థులను సిబ్బంది లెక్కలో కలిపేస్తున్నారా? సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలో అందరికీ తెలుసా? రెండో ప్రశ్నకు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే, ఇంకో కాలేజీ వెతుక్కోండి.

ఇవన్నీ మీరు చెప్పాక కూడా అమ్మాయి అదే మాట మీద ఉంటే చేర్పించండి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు పూర్తవడానికి మామూలుగా ఆరు నెలలు పడుతుంది కాబట్టి, అడ్మిషన్ దాకా ఆగకుండా మొదలుపెట్టండి. చిన్నప్పుడే వేయించి ఉంటే ఆ కార్డు వెతికిపెట్టి, ఆ జబ్బును ఎదుర్కొనే యాంటీబాడీలు ఒంట్లో తగినంత ఉన్నాయో లేదో తేల్చే రక్తపరీక్ష గురించి డాక్టర్‌ను అడగండి.