ఫ్లింట్ హిల్స్‌లో కనిపించిన గులాబీ పువ్వు ఎకినేసియానేనా? వేరు తవ్వి జలుబుకి కషాయం పెట్టుకోవచ్చా?

మీరు చెప్పిన గుర్తులు చూస్తే, అంటే జూన్ నెల, అమెరికాలో కాన్సస్ రాష్ట్రపు ఫ్లింట్ హిల్స్ గడ్డినేలలు, ఒంటికాడ మీద కిందికి వేలాడే లేత గులాబీ రేకులు, మధ్యలో ముళ్లముళ్లుగా ఉబ్బిన బుడిపె, అది ఎకినేసియానే. ఇక్కడివాళ్లు కోన్‌ఫ్లవర్ అంటారు. అయితే ఏ ఎకినేసియా అన్నది తేల్చుకోవాలి. నర్సరీల్లో అమ్మేది, ఇళ్ల ముందు పెంచేది ఎక్కువగా పర్పూరియా అనే రకం, దాని ఆకులు వెడల్పుగా, అంచుల్లో రంపపు పళ్లతో ఉంటాయి. మీరు చూసినదాని ఆకులు సన్నగా పొడుగ్గా, ముట్టుకుంటే గరుగ్గా ఉంటే మాత్రం అది పాలిడా రకం గానీ అంగుస్టిఫోలియా రకం గానీ అయ్యుంటుంది.

ఈ రెండింటికీ తేడా తెలియాలంటే నేను ముందు పుప్పొడి చూస్తాను. వేలికి తెల్లగా అంటితే పాలిడా, పసుపుగా అంటితే అంగుస్టిఫోలియా. పాలిడా రేకులు పొడుగ్గా బాగా వేలాడతాయి, రెండోదానివి పొట్టి, మొక్క కూడా పొట్టిదే. ఫ్లింట్ హిల్స్‌లో రేకులే పసుపుగా ఉంటే అది ఎకినేసియా కాకపోవచ్చు, రాటిబిడా అనే వేరే మొక్క కావచ్చు.

ఇక మందు సంగతి. "ఇక్కడి మూలవాసులు జలుబుకి వాడేవారట" అని మీ ఫ్రెండ్ అన్నది నాకు సగమే నిజమనిపిస్తుంది. గొంతునొప్పికి వాడిన మాట ఉంది గానీ లకోటా, ఒమాహా, పానీ, షయెన్ లాంటి తెగల వాడకంలో ఎక్కువగా వినిపించేవి పంటినొప్పి, పాముకాటు, పురుగు కుట్టడం, కాలిన గాయాలు. వాళ్లు ఎక్కువగా వాడింది అంగుస్టిఫోలియా వేరు. మూలవాసుల మొక్కల వాడకం మీద 1919లో మెల్విన్ గిల్మోర్ అనే పరిశోధకుడు అచ్చువేసిన నివేదికలో విన్నెబాగో తెగ మనిషి ఒకడు ఈ మొక్కతో నోరు మొద్దుబారేలా చేసుకుని, జనం ముందు నిప్పుకణిక నోట్లో పెట్టుకునేవాడినని చెప్పాడు, అది చదివాక వాళ్లు దీన్ని దేనికి నమ్ముకున్నారో నాకు బాగా అర్థమైంది. మా పెరట్లో పెంచిన మొక్క వేరు చిన్న ముక్క నమిలి చూశాను: ముందు నాలుక జివ్వుమంటుంది, నోరూరుతుంది, కాసేపటికి తిమ్మిరెక్కుతుంది, అచ్చం మన అక్కలకర్ర నమిలినట్టే. రెండూ చామంతి కుటుంబంవే, రెండింట్లోనూ ఈ పని చేసేవి ఆల్కమైడ్లనే పదార్థాలే.

జలుబు మందన్న పేరు బాగా పెరిగింది తర్వాతి వ్యాపారంతోనే. 2005లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధనలో వాలంటీర్లకి జలుబు వైరస్ ఎక్కించి అంగుస్టిఫోలియా వేరు సారాలు ఇచ్చి చూస్తే, చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. కాబట్టి కషాయం మీద పెద్ద ఆశ పెట్టుకోకండి. రాగ్‌వీడ్ అనే కలుపుమొక్క పుప్పొడి పడనివాళ్లకి ఇది కూడా పడకపోవచ్చు. పాము కరిస్తే మాత్రం నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి, వేర్లు వెతుక్కుంటూ కూర్చోకండి.

తవ్వడం మాత్రం వద్దు. ఫ్లింట్ హిల్స్‌లో చాలా భూమి పశువులు మేపే ప్రైవేటు రాంచ్‌లది, అక్కడున్న రక్షిత ప్రాంతం టాల్‌గ్రాస్ ప్రైరీ నేషనల్ ప్రిజర్వ్‌లో అయితే మొక్క పీకడమే నేరం. వేరు లోతుగా దిగుతుంది, దాన్ని తవ్వితే చాలాసార్లు మొక్క పోయినట్టే, 1990ల్లో వేర్లకి గిరాకీ పెరిగి దొంగతనంగా తవ్వుకుపోయిన చోట్లూ ఉన్నాయి. కావాలంటే స్థానిక మొక్కలమ్మే నర్సరీలో విత్తనాలు దొరుకుతాయి. వాటిని చలికాలానికి ముందే నేలలో చల్లేయండి, చలి తగిలితేనే బాగా మొలుస్తాయి, పువ్వు చూడాలంటే రెండు మూడేళ్లు ఆగాలి.